బుగ్గమ్మ అవునన్నాకే అచ్చు

కరణ్‌కోట దారిలోని నాపరాయి గనిలో ఒడ్డు కూలి బీరన్న చనిపోయాడు. మేమింకా బండలు తొలగిస్తూనే ఉన్నాం. కాంట్రాక్టర్ మనిషొకడు ఖాళీ క్వార్టర్ సీసా తెచ్చి శవం పక్కన పెట్టి ఫోన్లో ఫోటో తీసుకున్నాడు. మా కళ్ల ముందే. ఎవరం అడ్డుపడలేదు. మా రేపటి పని వాళ్ల చేతుల్లో ఉంది.

మాకొక పేపరుంది, 'గనిమాట'. తాండూరులో మా గని కూలీల సంఘానికి కూర్చోవడానికి గది కూడా లేని రోజుల్లో భీమయ్య దాన్ని చేతిరాతతో మొదలుపెట్టాడు. ఆయన పెట్టిన కట్టుబాటు ఒక్కటే. ఏ వార్తయినా అచ్చుకు పోయేముందు సద్ది తినే వేళ గనిలో చదివి వినిపించాలి. అది ఎవరి వార్తో వాళ్లు 'అవును' అనాలి. అందుకే దాన్ని తిట్టుకునేవాళ్లు కూడా అబద్ధమని అనలేకపోయారు.

భీమయ్య పోయాక పేపరును యాకోబు నడుపుతున్నాడు. మంచివాడే కానీ తొందర మనిషి. గని పక్కన కాంట్రాక్టర్ నడిపే బెల్టుషాపంటే అతనికి ఒళ్లుమంట. పోలీస్ స్టేషన్ కాగితంలో 'మత్తులో జారిపడ్డాడు' అని చూశాక ఆగలేకపోయాడు. గనికి రాలేదు, మాకు చదవలేదు. 'బెల్టుషాపు బీరన్నను మింగింది' అని పెద్దక్షరాల్లో అచ్చేశాడు.

ఆ పేపరు పట్టుకొని కాంట్రాక్టరే గనికొచ్చాడు.

"సూడుండ్రి, మీ పేపరే రాసింది. తాగి పడ్డోనికి నేనేం జెయ్యాలె?"

సంగతి తెలిసి యాకోబు పరుగున వచ్చాడు. బీరన్న భార్య బుగ్గమ్మ అప్పటికే మా మధ్య కూర్చొని ఉంది.

"యాకోబన్నా, బీరప్ప పండుగ దాక సుక్క ముట్టనని మొక్కుకున్నడు నా మొగడు. ఒడ్డు పగిలిందని ముందు దినమే జెప్పిండు, గాళ్లు ఇనలే. గాళ్లు రాస్తే ఓర్సుకుందును. మన పేపర్ల గిట్లెట్ల రాస్తివి?"

"తప్పైంది బుగ్గమ్మక్కా. బెల్టుషాపు మూతపడితె మనకు మంచే అయితదనుకున్న."

"నువ్వనుకుంటె అయితదా? మమ్ముల అడగొద్దా?"

"గాయన్నొక్కన్నే అంటే ఏమొస్తది? సీసా పెట్టంగ మనం సూడలేదా?" అన్నాడు మాలోని మల్లేశ్వర్.  సిగ్గుతో చచ్చిపోయాం.

ఈసారి నిజం అచ్చెయ్యమంటే తాండూరు ప్రెస్సాయన చేతులెత్తేశాడు. ఆయనకు బెదిరింపు ఫోను వచ్చిందట.

"కాయితం లేకుంటే బండలు లేవా?" అంది బుగ్గమ్మ.

లారీకెత్తే బండల మీద కొలతలు రాయడానికి మా దగ్గర ఎర్రసుద్ద ఉంటుంది. భీమయ్య మనవరాలు పద్మారాణి తాండూరు కాలేజీలో చదువుతోంది. ఆ పిల్ల గనికొచ్చి, వార్త రాసి ముందు మాకు చదివి వినిపించింది. బుగ్గమ్మ 'అవును' అన్నాకే సుద్ద పట్టింది. అది చూసి మేమూ రాశాం. అక్షరం రానివాళ్లు బొమ్మ గీసినట్టు చూసి గీశారు. లారీ నిండా ఒకటే వార్త.

కాంట్రాక్టర్‌తో కలిసి పోలీసులొచ్చారు. కడిగెయ్యమన్నాడు ఎస్సై. నీళ్ల పైపు మా కాళ్ల దగ్గరే ఉంది, ఎవరూ ముట్టలేదు. యాకోబును జీపెక్కించారు. రేపు ఎవరి వంతో, ఎవరి పని ఊడుతుందో తెలియదు. భయం లేదంటే అబద్ధమవుతుంది.

"బిడ్డా, మల్ల సదువు. జీపుల ఉన్న యాకోబన్నకు ఇనపడాలె," అంది బుగ్గమ్మ.

పద్మారాణి లారీ ఎక్కి చదివింది.

"బీరన్న తాగలే. ఒడ్డు పగిలిందని జెప్పినా పనికి దింపిండ్రు. సచ్చినంక సీసా పెట్టిండ్రు. మేం సూసినం."

బుగ్గమ్మ ముందుగా నోరు తెరిచింది. కానీ ఈసారి ఆమె ఒక్కతే అనలేదు. అది మా అందరి వార్త. కాంట్రాక్టర్ ముఖం చూస్తూ గనంతా 'అవును' అన్నాం.