బండిలో మనిషి ఉంటేనే

పెద్ద డ్రమ్మును బండిలోకి ఎక్కించి పెట్టెల బాబాయి తలుపుకి ఆనుకున్నాడు. ఎడమ భుజం నుంచి మోచేతి దాకా తడిగుడ్డ పిండినట్టు మెలిపెడుతోంది. "ఇదొకటి నా ప్రాణానికి" అని విసుక్కుని, సెల్లో అనే నిలువెత్తు వయొలిన్ పెట్టె కదలకుండా పక్కన దుప్పటి దోపాడు. పొట్టి మనిషి, బుర్ర మీసం, బరువులు మోసి మోసి మెడ భుజాల్లోకి దిగిపోయింది. ఆ బ్యాండులో ఆయన అసలు పేరు ఎవరికీ తెలియదు. ఏ వాద్యమూ వాయించడం రాదు. కానీ ఏ పెట్టె ఎక్కడ సర్దాలో చెప్పే హక్కు మాత్రం ఆయనది. ఇంకెవరైనా చెయ్యి వేస్తే ఊరుకోడు.

పొద్దున్న బయల్దేరేటప్పుడే భార్య గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"సాయంత్రం ఆస్పత్రిలో చేరమన్నాడు డాక్టరు. గుండె సంగతి, వాయిదా వెయ్యొద్దన్నాడు. మాస్టారికి చెప్తారా, నన్నొచ్చి చెప్పమంటారా?"

"చెప్తాలేవే. నాకు నోరు లేదా?"

నోరుంది. ఆ నోటితో చెబుదామనే సామాను సర్దగానే మాస్టారి గదికి వెళ్ళాడు. లోపల బ్యాండు మాస్టారూ, డ్రమ్ములు వాయించే కుర్రాడూ, ఎదురుగా ఇన్సూరెన్సు ఏజెంటూ ఉన్నారు. పోయిన నెల వేరే బ్యాండువాళ్ళు బండి నిలిపి టీకి దిగితే, తిరిగొచ్చేసరికి వయొలిన్లూ శాక్సఫోనూ మాయం. అప్పటినుంచీ మాస్టారికి కంటిమీద కునుకు లేదు.

"రెండు రకాలు సార్," అన్నాడు ఏజెంటు. "మొదటిది ఖరీదు. బండిలో ఎవరూ లేకపోయినా, పోయిన వాద్యానికి పరిహారం వస్తుంది. రెండోది చవక. కానీ సామాను బండిలో ఉన్నంతసేపూ మనిషి అందులోనే ఉండాలి. మనిషి దిగినప్పుడు పోయిందా, చిల్లిగవ్వ రాదు."

మాస్టారి కలం మొదటిదాని మీద ఆగింది. అంతలో గుమ్మంలో బాబాయి కనిపించాడు.

"సమయానికొచ్చావు బాబాయ్. నువ్వు చెప్పు, ఏది తీసుకుందాం?"

ఇన్నేళ్ళలో ఆయన్ని సలహా అడగడం అదే మొదలు. అందరూ తనకేసే చూస్తున్నారు. ఆస్పత్రి మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆ పిచ్చిమనిషి దాన్ని మింగేసి, బయటికేమన్నాడో చూడండి.

"ఆ ఖరీదుది దండగ కాదుటండీ? నేను లేనా? బండి ఇక్కణ్ణుంచి కదిలాక, సామాను దిగేదాకా ఎప్పుడైనా కాలు కింద పెట్టానా?"

"బాబాయి ఉండగా అసలు ఇన్సూరెన్సే దండగ!" అన్నాడు డ్రమ్ముల కుర్రాడు. అందరూ నవ్వారు. మాస్టారు హాయిగా ఊపిరి పీల్చుకుని రెండోదాని మీద సంతకం పెట్టాడు. ఇవాళ్టి నుంచే అమలు అన్నాడు ఏజెంటు. ఇక సెలవు ఏ మొహంతో అడుగుతాడు? బాబాయి వెళ్ళి బండెక్కాడు.

ఆ రోజు కచేరీ ఒక కంపెనీవాళ్ళ హాల్లో. పొద్దుగూకకముందే అయిపోయింది. సామాను మళ్ళీ ఎక్కించి, వాయించేవాళ్ళంతా భోజనాలకి లోపలికెళ్ళారు. బాబాయి పెట్టెల మధ్య కూర్చున్నాడు. ఫోను మోగింది.

"చెప్పారా?"

"ఆఁ... చెప్పాను. రేపు పొద్దున్నే వెళ్దాం."

"రేపేమిటి? ఇవాళ రమ్మంటేనూ!"

"పనుందే."

"ఆ పెట్టెల్నే కట్టుకోవాల్సింది, నన్నెందుకు కట్టుకున్నారు?" అని ఆవిడ ఠక్కున పెట్టేసింది.

బాబాయికి నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలోనే ఛాతీ పట్టేసింది. చొక్కా తడిసి ముద్దయింది. మాస్టారికి ఫోను చేశాడు, ఎత్తలేదు. కచేరీ రోజు వాయించేవాళ్ళ ఫోన్లన్నీ మూగవే. గాలి కోసం తలుపు జరిపి ఎడమ కాలు కిందికి దించాడు. దించాక భయం వేసింది, నొప్పికి కాదు, ఇచ్చిన మాటకి. కాలు చటుక్కున పైకి లాక్కున్నాడు.

గేటు దగ్గరి వాచ్‌మన్ చూసి పరిగెత్తుకొచ్చాడు. "పెద్దాయనా, అదేంటి అలా అయిపోయావు? దిగు, ఇలా గాలికి రా."

"దిగకూడదయ్యా... మా మాస్టారిని పిలు."

మాస్టారు ఎంగిలి చేత్తోనే వచ్చాడు. బాబాయి మొహం చూసి గావుకేక పెట్టాడు. "దించండి! అన్నీ దించెయ్యండి! మనిషిని పడుకోబెట్టాలి!"

"బయటెక్కడ పెడతాం సార్?" అన్నాడు డ్రమ్ముల కుర్రాడు.

"ఎక్కడో అక్కడ పారెయ్యరా!"

దొరికినవి దొరికినట్టు రోడ్డు వారన పడేశారు. సెల్లో పెట్టె ఉన్న చోట బాబాయిని పడుకోబెట్టారు. బ్యాండువాళ్ళంతా బండెక్కారు, దారి చూపిస్తానని వాచ్‌మన్ కూడా ఎక్కేశాడు. బాబాయి తల మాస్టారి ఒళ్ళో ఉంది. నాలుగు వీధులు దాటాక బాబాయి కళ్ళు తెరిచాడు.

"సామాను దగ్గర... ఎవరున్నారండీ?"

మాస్టారు ఎడం చేత్తో ఆయన నుదురు తుడిచాడు. "ఉన్నారు బాబాయ్. మనిషి ఉన్నాడు."

"అయితే సరే" అన్నాడు బాబాయి, కళ్ళు మూసుకుంటూ. ఆస్పత్రి గేటు కనిపించేసరికి మాస్టారి ఒళ్ళో తల బరువెక్కిపోయింది.

అక్కడ హాలు ముందు వయొలిన్లూ, డ్రమ్ములూ, సెల్లో చెల్లాచెదురుగా పడి ఉన్నాయి, చూసే దిక్కు లేకుండా. వాటికి కాస్త ఎడంగా, బండి నిలిచిన చోట, బాబాయి ఎడమ చెప్పు ఒక్కటే బోర్లా పడి ఉంది.