కత్తిరించిన నలభై అడుగులు

ఆదివారం పొద్దుటాటకి రీలమ్మ గంట ముందే సినిమా హాలు మిషన్ గదికి వచ్చింది. మిషన్లు రెండూ తుడిచి, నూనె వేసి, రీళ్ళ డబ్బాలు వరుసగా పేర్చుకుంది. భర్త పోయాక ఆయన ఉద్యోగంలో చేరి ముప్పై ఏళ్ళయింది. ఆదివారం ఆట అప్పట్నుంచీ ఒకటే: అన్న పెళ్ళి కోసం తన ప్రేమను వదులుకునే చెల్లెలి కథ, పాత హిందీ సినిమా.

అందులో హీరోయిన్ వారం వారం ముసలిదవుతోంది. జుట్టు నెరిసింది. తోటలో పాట మధ్యలో మోకాళ్ళు పట్టుకుని బెంచీ మీద కూలబడుతోంది. ఎవరూ ఆశ్చర్యపోలేదు. ముప్పై ఏళ్ళు అదే పనిగా త్యాగం చేసే మనిషి నిగనిగలాడుతూ ఉంటుందా? హీరో మాత్రం ఇరవై ఆరు దగ్గరే ఆగిపోయాడు. మగాళ్ళకి ఆ వెసులుబాటు ఎప్పుడూ ఉన్నదే.

కూతురు మెట్లెక్కి వచ్చింది.

"వాళ్ళొచ్చేశారమ్మా. బాల్కనీలో కూర్చున్నారు."

వాళ్ళంటే, కొడుకు ప్రేమించిన అమ్మాయి తరఫువాళ్ళు. మా పిల్లనిస్తాం, మీ పిల్లని మా వాడికివ్వండి అన్నారు. ఆటయ్యాక కూతురు అందరి ముందూ సరేననాలి.

"వాచీలు బాగుచేసే అతనికి మాటిచ్చానని నీకు తెలుసు కదా?"

"అన్నయ్య మొహం చూసి సర్దుకోవే."

"సినిమాలో ఆవిడా వాళ్ళన్న మొహమే చూసింది. మోకాళ్ళు ఎలా అయ్యాయో చూడు."

కూతురు దిగి వెళ్ళిపోయింది. రీలమ్మ ఆట మొదలుపెట్టింది.

ఏడో రీల్లో అన్న బతిమాలే ఘట్టం ఉంది. అక్కడ హీరోయిన్ ఒక్కసారి 'వద్దు' అంటుంది. సినిమా వచ్చిన కొత్తలో ఓనరు పైకొచ్చి, "ఆడపిల్ల అలా మొహం మీద అనేస్తే ఫ్యామిలీలు రావమ్మా, తీసెయ్" అన్నాడు. రీలమ్మ ఆ ముక్క కత్తిరించి, రీలు అతికించేసింది. నలభై అడుగులు, అర నిమిషం కూడా లేదు. ఆ అతుకు దాటే ప్రతిసారీ హీరోయిన్ తలెత్తి మిషన్ గది కిటికీ వైపు చూసేది. ప్రతిసారీ రీలమ్మ ఏదో పనున్నట్టు అటు తిరిగేది.

మూడో రీలు నడుస్తుండగా ఆమె బొత్తాల డబ్బా తెరిచింది. అడుగున ఆ ముక్క చుట్టచుట్టుకుని ఉంది. ఏడో రీలు విప్పింది. పాత అతుకు తెంపి, అంచులు గీకి, జిగురు రాసి, ఊపిరి బిగబట్టి ముక్కను నొక్కిపట్టింది.

ఏడో రీలు వచ్చింది. తెర మీద అన్న బతిమాలాడు. నెరిసిన జుట్టు హీరోయిన్ నోరు తెరిచింది.

"నహీ."

హిందీ రానివాళ్ళకి కూడా అర్థమైంది. ఆమె లేచి, మోకాళ్ళు సవరించుకుని, తెర అంచు దాటి వెళ్ళిపోయింది. మిగిలిన రీలంతా ఆమెకి కుదిర్చిన పెళ్ళికొడుకు ఒక్కడే కూర్చుని గుమ్మం వైపు చూస్తున్నాడు.

బాల్కనీలో కూతురు లేచి నిలబడింది.

"నాకూ వద్దు."

కొడుకు మెట్లు రెండేసి ఎక్కుతూ వచ్చాడు. "సినిమా చెడగొట్టావేంటమ్మా!"

"చెడగొట్టింది ఇవాళ కాదురా."

రీలమ్మ కిటికీలోంచి కిందికి చూసింది. కూతురు నడవా దాటి తలుపు తోసుకుని ఎండలోకి వెళ్ళిపోతోంది. ఒక్కసారి తలెత్తుతుందేమోనని చూసింది. ఎత్తలేదు. తెర మీంచి వెళ్ళిన ఆవిడా ఈసారి గది వైపు చూడలేదు.

ఎందుకు చూడాలి? రీలమ్మ చేతికంటిన జిగురు గోళ్ళతో గీక్కుంటూ, హీరోయిన్ లేని రీలును చివరిదాకా నడిపింది.