బలపరిచే మనిషి

“పొలం వదలని శాసనసభ్యుణ్ణి నేను.”

లోవెల్ ప్రతి ఎన్నికలోనూ చెప్పే మాటే అది. ఆ మార్చి మధ్యాహ్నం హైస్కూలు జిమ్‌లో, పార్టీ సమావేశంలో, మైకు ముందు మళ్ళీ అదే చెబుతున్నాడు. వెనక కాఫీ బల్ల దగ్గర యాపిల్ కేకు ముక్కలు కోస్తున్న అతని భార్య ఆర్లిస్ చెయ్యి ఆగింది. పొలం అతను వదల్లేదు, నిజమే. ఆమె మీద వదిలేశాడు.

విత్తనాల వేళకు రైతులు ఇంటికి చేరాలని నార్త్ డకోటాలో శాసనసభను రెండేళ్ళకోసారి, జనవరి నుంచి ఏప్రిల్ దాకా నడుపుతారు. ఎంత ముందుచూపో అని అందరూ మెచ్చుకుంటారు. ఆవులు ఈనేదీ ఆ నెలల్లోనేనని ఎవరికీ తట్టలేదు. తట్టినా, ఇళ్ళల్లో ఆడవాళ్ళున్నారు కదా అనుకుని ఉంటారు. లోవెల్ రాజధాని బిస్మార్క్‌లో హోటల్ గదిలో ఉంటే, ఆమె పసివాడు డెరిక్‌ని గడ్డిపరకల పెట్టెలో పడుకోబెట్టి, అడ్డం తిరిగిన దూడల్ని మోచేతిదాకా చెయ్యి పెట్టి లాగేది. కరెంటు పోతుందేమో, పిల్లాడు చలికి బిగుసుకుపోతాడేమో, దారి మూసుకుపోతే డాక్టరు రాలేడేమో. ఏ సంగతిలోనైనా ముందు కీడే తోచే బుద్ధి ఆమెకు అక్కడే పట్టుకుంది. ఊరికే పట్టుకోలేదు. డెరిక్ తర్వాత ఐదో నెల కడుపుతో ఉండగా, మంచు తుఫానులో, ఈనలేక పెనుగులాడుతున్న ఆవు తన్నింది. తెల్లారాక హోటల్‌కి ఫోన్ చేస్తే, ఆమె నోరు విప్పేలోపే లోవెల్ అడిగాడు.

“దూడ దక్కిందా?”

“దక్కింది,” అంది. రెండో మాట, కడుపులో దక్కని బిడ్డ గురించి, వారాంతానికి అతను ఇంటికొచ్చేదాకా గొంతులోనే ఉండిపోయింది. విని లోవెల్ ఏడ్చాడు కూడా. సోమవారం మళ్ళీ వెళ్ళాడు.

ఇప్పుడు లోవెల్‌కి తుంటి ఎముక అరిగింది. ఇక తాను ఎన్నికల్లో నిలబడనని, తన చోట డెరిక్ నిలబడతాడని నిన్న రాత్రి భోజనాల దగ్గర ప్రకటించాడు. దూడల సంగతి కోడలు చూసుకుంటుందట, ఆర్లిస్ ఇన్నేళ్ళూ చూడలేదా అట. డెరిక్ నవ్వుతూ బంగాళాదుంపల గిన్నె ముందుకు లాక్కున్నాడు. కోడలు బ్రెన్నాకు ఆరో నెల. అంట్లు తోముతూ, తలెత్తకుండా అడిగింది.

“అత్తయ్యా, దూడ అడ్డం తిరిగితే లాగడానికి చాలా బలం కావాలా?”

ఆర్లిస్ ఆమె చేతిలోని గిన్నె అందుకుంది. వచ్చే జనవరికి ఆ పిల్ల చంకలో బిడ్డ ఉంటుంది. ఆ ఆవు కాలు, ఆ మంచు, అన్నీ కళ్ళ ముందు తిరిగాయి.

జిమ్‌లో లోవెల్ కొడుకు పేరు ప్రతిపాదించాడు. ఇంట్లో ఆడమనిషి లేచి బలపరచడం ఆ ఊళ్ళో వాడుక. బ్రెన్నాకు ఇంకా పార్టీ సమావేశంలో ఓటువేసే ప్రతినిధి హోదా లేదు గనక తల్లే బలపరచాలి. ఇన్ని ఎన్నికల్లో ఆర్లిస్ మైకు ముందు పలికింది ‘బలపరుస్తున్నాను’ అన్న ఒక్క మాటే. కత్తి పక్కన పెట్టి మైకు వైపు నడిచింది. కొడుకు మాట్లాడ్డం మానేస్తాడేమో, పుట్టబోయే బిడ్డను ఎత్తుకోనివ్వరేమో, లోవెల్‌కి గుండెనొప్పి వస్తుందేమో అనుకుంది. అన్నీ అనుకున్నాక కూడా మైకు పట్టుకుంది.

“డెరిక్‌ని నేను బలపరచడం లేదు. నా పేరు రాసుకో, గన్నర్. ఈసారి నేను నిలబడతాను.”

అధ్యక్షత వహిస్తున్న గన్నర్ పక్కింటివాడే. చిన్నగా నవ్వాడు. “బాగుంది వదినా. మరి కాఫీ ఎవరు కాస్తారు?”

మగవాళ్ళు కొందరు నవ్వారు. డెరిక్ నవ్వలేదు, తల్లినే చూస్తున్నాడు. లోవెల్ కర్ర పట్టుకుని దగ్గరికి వచ్చి, గుసగుసగా అన్నాననుకున్నాడు గానీ, మైకులో జిమ్ అంతా వినిపించింది.

“కూర్చో, ఆర్లిస్. నువ్వు బిస్మార్క్ పోతే దూడల్ని ఎవరు చూస్తారు?”

ఆమె అతని వంక చూసింది. కోపం రాలేదు, జాలి లాంటిదేదో వచ్చింది.

“నువ్వు నిలబడిన ఇన్నేళ్ళలో ఆ మాట నిన్ను ఒక్కరూ అడగలేదు, లోవెల్.”

ఎవరూ నవ్వలేదు. బలపరిచేవాళ్ళెవరని గన్నర్ అడగాలి, అది పద్ధతి. అతను అడగకముందే కాఫీ బల్ల దగ్గర అతని భార్య ఇయోన్ చేతిలో కేకు పళ్ళెం కింద పెట్టి, “నేను,” అంది.