వదిన గిన్నె

ఓమా కుండ మూత తీసి, చెక్క గరిటెతో అడుగు నుంచి బీన్స్ కలిపింది. పంది కొవ్వు ముక్క పైకి తేలి మళ్లీ మునిగింది. ఆమె వేళ్ల కణుపులు వాచిపోయాయి. గరిటెను పిడికిలితో పట్టుకుంటే తప్ప తిప్పలేదు. చర్చి కింది ఈ నేలమాళిగలో గురువారం గురువారం పేదలకు వండటం మొదలుపెట్టిన రోజుల్లో మా కెంటకీ కొండల్లో బొగ్గు గనులన్నీ నడుస్తుండేవి. ఇప్పుడు గనులు లేవు, తినడానికి వచ్చేవాళ్లు మాత్రం పెరిగారు.

గోడ అవతల పాస్టర్ కెండ్రిక్ పాఠం చెబుతున్నాడు. దేవుడు ఆరు రోజుల్లో లోకాన్ని ఎలా చేశాడో, భూమి వయసు ఆరువేల ఏళ్లకు ఎందుకు మించదో. పాఠం అయ్యాకే భోజనం. పాత పాస్టర్ ఉన్నప్పుడు ముందు తిండి, తర్వాత ప్రార్థన. ఇష్టమున్నవాళ్లు కూర్చునేవారు, లేనివాళ్లు మూతి తుడుచుకుని పోయేవారు. "కడుపు నింపి పంపేస్తే సరా, ఆత్మ సంగతేంటి?" అని కెండ్రిక్ పద్ధతి మార్చాడు. చెడ్డవాడేం కాదు. తన ఒంటిమీది కోటు విప్పి ఇచ్చేసిన రోజులున్నాయి.

ఆరు రోజులంటే ఆరు రోజులేనని ఓమా కూడా నమ్ముతుంది. ఆమె దిగులంతా ఒక్క మనిషి గురించి, మరిది డెల్మర్ గురించి.

"తలుపుకేసి చూసి చూసి మెడ పట్టేస్తుంది నీకు," అంది వంటసాయానికొచ్చి మొక్కజొన్న రొట్టె కోస్తున్న వర్డీ. "ఆ మొండిఘటం వస్తాడనేనా?"

"ఆకలేస్తే రాక చస్తాడా?"

రొట్టె మూలముక్క, బాగా మాడి కరకరలాడేది, ఓమా తీసి విడిగా పెట్టింది. అది డెల్మర్‌కు ఇష్టం.

డెల్మర్, ఓమా భర్త లోంజో ఇద్దరూ నిలబడే ఎత్తు లేని ఒకే గనిలో పక్కపక్కన పడుకుని బొగ్గు తవ్వారు. ఒకరోజు గని కప్పునుంచి ఒక రాతి పలక ఊడిపడింది. దాని మీద ఫెర్న్ ఆకు అచ్చు, ఒక్క ఈనె చెదరకుండా ఉంది. లోంజో దాన్ని చొక్కాలో దాచి తెచ్చాడు. ఊపిరితిత్తుల నిండా బొగ్గుదుమ్ము చేరి లోంజో పోయాక, ఆ రాయి డెల్మర్ కిటికీలో ఉండిపోయింది. పోయిన వసంతంలో డెల్మర్ దాన్ని ఆదివారం బడి పిల్లలకు చూపించి, ఇది కోట్ల ఏళ్ల నాటి ఆకు అన్నాడు. కెండ్రిక్ మెల్లగా అడ్డుపడి, కాదు, నోవహు నాటి జలప్రళయంలో కూరుకుపోయిందన్నాడు.

"నాయనా, ఆ రాతి కప్పు కింద వెల్లకిలా పడుకుని బతికినోణ్ణి నేను," అన్నాడు డెల్మర్. "అది హడావుడిగా చేసిన పని కాదు. అయినా దేవుడికి తొందరేంటి?"

సంఘమంతటి ముందు మాట వెనక్కి తీసుకోమన్నారు పెద్దలు. ఆయన రాయీ టోపీ తీసుకుని బయటికి నడిచాడు. మళ్లీ గడప తొక్కలేదు.

అప్పట్నుంచి ఓమాయే నీలం అంచు పింగాణీ గిన్నెలో ఆయనకు తిండి పట్టుకుని కొండెక్కేది. మా వైపు ఎవరూ గిన్నె ఖాళీగా తిరిగివ్వరు. డెల్మర్ ఒకసారి అక్రోటు కాయలు పోసి ఇచ్చేవాడు, ఒకసారి ఆపిల్ జామ్. చలి మొదలయ్యాక ఆయన ఊపిరి మరీ చెడింది. ముక్కున గొట్టం, పక్కన ఆక్సిజన్ సిలిండర్. ట్రక్కు చెడి కదలడం మానేసింది. ఆయనా గుమ్మం దాటడం మానేశాడు, నింపి ఇవ్వడం కుదరక గిన్నె ఆయన దగ్గరే ఉండిపోయింది. ఓమా వేరే డబ్బాలో తిండి పట్టుకెళ్లేది.

"మీరు మోసుకెళ్తున్నంతకాలం ఆయన ఎందుకొస్తాడు సిస్టర్?" అన్నాడు కెండ్రిక్. "కొన్నాళ్లు ఆపి చూడండి."

ఓమా రాత్రంతా ఆలోచించింది. సంఘానికి దూరంగా, ఇలాగే పోతే ఆయన ఆత్మ ఏమవుతుంది? పైన లోంజోకు ఏ మొహం చూపించాలి? తెల్లారి ఫోన్ చేసింది.

"మోకాళ్లు పట్టేశాయి డెల్మరూ, కొండెక్కలేను. తినాలంటే నువ్వే దిగి రా. నా గిన్నె కూడా పట్రా."

అవతల సిలిండర్ బుసల మధ్య డెల్మర్ గొంతు వినిపించింది.

"సరే వదినా," అన్నాడు.

పోయిన గురువారం రాలేదు. పొరుగువాళ్లెవరో పెట్టే ఉంటారులే అని ఓమా తనకు తాను సర్దిచెప్పుకుంది. ఈ వారం మంచు పడింది.

పాఠం ముగిసింది. ఆమెన్ అన్నారు, కుర్చీలు జరిగాయి. ఓమా పళ్లేలు నింపుతూనే ఉంది. కుండ అడుగంటింది. మూలముక్క అలాగే ఉంది. చెత్తబుట్ట పట్టుకుని వెనక తలుపు తీసిన వర్డీ "అయ్యో దేవుడా!" అని కేక పెట్టింది.

మెట్ల మీద డెల్మర్ కూర్చుని ఉన్నాడు. తల గోడకు ఆనించి, టోపీ సరిగ్గా పెట్టుకుని, గడ్డం గీసుకుని, కోటు గుండీలన్నీ పెట్టుకుని. భుజాల మీద మంచు పేరుకుంది. సిలిండర్ మీది కొలత ముల్లు సున్నాకు వాలిపోయింది. పరుగెత్తుకొచ్చిన కెండ్రిక్ మెడ దగ్గర చెయ్యి పెట్టి చూసి, ఆ మంచులోనే చతికిలబడ్డాడు.

"తలుపు తట్టొచ్చుగా..." అన్నాడు.

"పాఠం అయ్యేదాకా ఆగుంటాడు," అంది వర్డీ ఏడుస్తూ.

ఓమా ఆయన ముందు మోకాళ్ల మీద కూలబడింది. చల్లబడ్డ చేతులను తన వాచిన చేతుల్లోకి తీసుకుని రుద్దింది.

"నా మోకాళ్లకేం కాలేదు డెల్మరూ. ఏం కాలేదు. అబద్ధం చెప్పాను. ఎక్కగలిగేదాన్నే."

ఆయన ఒళ్లో పిండి సంచి గుడ్డలో కట్టిన మూట ఉంది. మూట బరువుకు ఓమా చేతులు కుంగాయి. ముడి విప్పింది. గిన్నె తళతళలాడేలా తోమి ఉంది. వదినకు ఖాళీ గిన్నె ఇవ్వడానికి ఆయనకు మనసొప్పలేదు. పెట్టడానికి ఇంట్లో ఇంకేమీ లేదు.

లోపల పొయ్యి పక్క బల్ల మీద, మాడిన రొట్టెముక్క పక్కన, నీలం అంచు గిన్నెలో ఆ రాయి ఉంది. మెట్ల మీద మూట విప్పినప్పుడు దాని మీద పడ్డ మంచు కరిగి, ఫెర్న్ ఆకు ఈనెల్లో నీళ్లు నిలిచాయి.