బోర్డు మీద చివరి పేరు

నిచ్చెన మీద నిలబడి నిలబడి మధ్యాహ్నానికి బంగారు బాబాయికి మెడ పట్టేసింది. చరిత్ర శాఖ వరండాలో బోర్డు మీద ఏటా పతకం వచ్చినవాళ్ళ పేర్లు బంగారు రంగుతో రాసేదీ, వెలిసిన పాత పేర్లు దిద్దేదీ అతనే. "నా చేతికున్నంత బంగారం ఏ షావుకారుకీ లేదు. కాకపోతే కడుక్కుంటే పోతుంది" అని కనబడ్డవాళ్ళందరికీ చెప్పి నవ్వించేవాడు.

ఈసారి ఒక్క పేరు దగ్గర ఆ నోరు మూతపడింది. ఎమ్మే చరిత్రలో మొదటి స్థానం ఆ శాఖలో ఊడ్చే ఆమె, అందరూ అక్కా అని పిలిచే ఆవిడ కూతురిది. పరీక్షలు రాసిన నెలకి పిల్ల కామెర్లతో పోయింది. ఫలితాలు ఆ తర్వాత వచ్చాయి. ఆఫీసువాళ్ళు మార్కులు చూసి పేరు రాసిచ్చారు, అతను బోర్డుకెక్కించాడు.

పొద్దున్నే అక్కని పిలిచి చూపించాడు. ఆమెకి చదువు రాదు. ఇరవై రెండేళ్ళుగా రోజూ తుడిచే బోర్డే అయినా, అందులో ఏ పేరు ఎవరిదో తెలియదు.

"ఇదిగో, అన్నిటికన్నా కింద. నీ చేతికి అందేంత ఎత్తులోనే ఉందక్కా, నీ కూతురు."

ఆమె మొదటి అక్షరాన్ని వేలితో తాకింది. ఆరని రంగు వేలికంటింది. మామూలుగా అయితే బాబాయి ఇంతెత్తున లేచేవాడే. ఇప్పుడు కుంచె తీసి ఆ అక్షరాన్ని మళ్ళీ దిద్దాడు.

భోజనాల వేళ దాటాక శాఖ హెడ్డుగారు అటెండరుని వెంటబెట్టుకుని వచ్చాడు. పతకం వేదికెక్కి స్వయంగా అందుకునేవారికే ఇవ్వాలట. మొదటినుంచీ అదే ఆనవాయితీ అట. ఆ పేరు తుడిచేసి, రెండో స్థానం వచ్చినవాళ్ళ పేరు రాయమన్నాడు.

"పోయినవాళ్ళ పేర్లు చెప్పుకునే కదండీ ఇక్కడ అందరూ జీతాలు తీసుకునేది" అన్నాడు బాబాయి నవ్వుతూనే. ఆ తర్వాత నవ్వు ఆగిపోయింది. "నేను రాయడానికొచ్చానండి. తుడవను. నా కూలీ ఎగ్గొట్టినా సరే."

హెడ్డుగారు వరండా అంతా చూశాడు. ఆ చివర అక్క ఊడుస్తోంది. ఆమె ఎవరో ఆయనకి తెలుసు. కూతురు పోయినప్పుడు సెలవు చీటీ మీద సంతకం పెట్టింది ఆయనే, మూడు రోజులకి, జీతం లేకుండా. రంగు గట్టిపడితే ఇక వదలదని ఆయన తొందర. అటెండరు చేత కిరసనాయిలు గుడ్డ ఆమె చేతికి ఇప్పించి, బోర్డు మీద ఒక పేరు తుడవమన్నాడు.

వద్దక్కా అనబోయాడు బాబాయి.

అంతలోనే ఆమె బోర్డు ముందుకొచ్చి నిలబడింది.

"నాకు చదువు రాదు కదండీ. ఏ పేరు తుడవాలో మీరే వేలు పెట్టి చూపించండి."

హెడ్డుగారి చెయ్యి సగం లేచింది. ఆమె ఆ చేతినే చూస్తోంది. గుడ్డలోంచి కిరసనాయిలు చుక్కలు చుక్కలుగా ఆమె ఊడ్చిన నేల మీదే పడుతోంది. ఆమె రెండో చెయ్యి పిడికిలి బిగించి ఉంది. అందులో, చూపుడు వేలి చివర, బంగారు రంగు ఇంకా పోలేదు.