బాణం మొన

ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు బడి రెండో అంతస్తు వరండా నుంచి కోడిగుడ్డు ఉన్న అట్టపెట్టె ఒకటి తలకిందులుగా పడింది. పెట్టె ఎనిమిదో తరగతి పిల్లది. సన్నగా ఉంటుందని క్లాసులో అందరూ గుండుసూది అంటారు.

గుడ్డు పగలకుండా దిగే పెట్టె చేయడం సైన్సు మాస్టారు ఇచ్చిన పని. ఒక్కొక్కరికి మూడు అవకాశాలు. గుడ్డు నిలిచినవాళ్లే బడుల పోటీకి వెళతారు. గుండుసూది మొదటిసారి కాగితాలు బిగించి కుక్కింది. రెండోసారి వదులుగా సర్దింది. రెండూ పగిలాయి.

"ఇంకోటి పగిలితే కోడి కేసు పెడుతుందే," అన్నాడు వెనక బెంచీ పొడుగోడు.

గుండుసూది వాళ్ల నాన్న గోదాములో గాజు సామాను పెట్టెల్లో సర్దుతాడు. మూడో పెట్టెకు ఆమె స్ట్రాలతో నాలుగు కాళ్లు కట్టింది. నేల తగలగానే అవి వంగి దెబ్బ కాసుకోవాలి. నాన్న మూత ఎత్తి చూశాడు.

"పైన ఏం పెట్టలేదేంటే?"

"కాళ్ల మీద కదా నాన్నా దిగేది."

"ఆ సంగతి నీకు తెలుసు, నాకు తెలుసు. పెట్టెకు తెలుసా?"

ఆయన పోరు పడలేక మూత లోపల గిన్నెలు తోమే స్పాంజి ముక్క అంటించింది. ఆయన తెచ్చిన ఎర్ర బాణం స్టిక్కరు పెట్టె పక్కన అతికించింది. పడాల్సింది ఇటు అని, మొనను కాళ్ల వైపు పెట్టింది.

పెట్టెలు వదిలేది అటెండరు. ముప్పై ఏళ్లుగా ఆయన మోసిన ప్రతి పెట్టె మీదా బాణం మొన పైకే ఉంది. దీన్నీ అలాగే పట్టుకుని వదిలాడు.

"బాబాయ్, తిప్పు!" అని గుండుసూది అరిచేసరికి పెట్టె నేల మీద ఉంది. కాళ్లు నాలుగూ ఆకాశం వైపు ఉన్నాయి.

"ఇది చెల్లదు మాస్టారూ. కాళ్లు వాడనే లేదు," అన్నాడు పొడుగోడు.

"గుడ్డు నిలవాలన్నాను. కాళ్లు వాడాలన్నానా? కోడిగుడ్డు మీద ఈకలు పీకకు."

అటెండరు మెట్లు దిగి వచ్చాడు. "బాణం పైకే పెట్టానండీ."

"అతికించింది నేనే, బాబాయ్. తప్పు నాదే," అంది గుండుసూది.

మాస్టారు మూత తీశారు. స్పాంజి అణిగిపోయి ఉంది. గుడ్డు పెంకు మీద వెంట్రుకంత గీత ఉంది. నియమం ప్రకారం గీత పడినా ఫరవాలేదు, సొన కారకూడదు. గుడ్డును తెల్లకాగితం మీద పెట్టి ఐదు నిమిషాలు గడియారం చూశారు.

పదకొండూ ఇరవైకి గుడ్డు ఎత్తారు. కాగితం పొడిగా ఉంది.