బీరయ్య పీకిన కొక్కెం

నేను ఒక నల్ల గొంగడిని. పాలమూరు గొర్రెల బొచ్చు వడికి, మగ్గం మీద నేసి, చింతగింజల గంజి పెట్టి ఆరబెట్టారు నన్ను. ఆ గంజి పుణ్యమా అని ఎంత వానైనా నాలోంచి దిగదు. పదహారేళ్లు కురుమ బీరయ్య భుజం మీదే బతికాను. వానొస్తే ఆయన నెత్తిన కప్పుకునేవాడు, గొర్రె ఈనితే పిల్లను నాలో చుట్టేవాడు. కొత్తవాళ్లు నన్ను ముట్టుకుని "అబ్బా, గుచ్చుకుంటోంది" అంటారు. గుచ్చుకోకపోవడానికి నేనేమైనా పట్టుచీరనా?

బీరయ్య కూతురు స్వరూప పశువుల డాక్టరు. ఉత్తర కెనడాలో ఒక చిన్న ఊరికి ఏడాది పనిమీద వెళ్లి, నెల రోజులు ఉండి పొమ్మని తండ్రిని పిలిపించుకుంది. ఆడ జర సలి ఉంటదట అని బీరయ్య నన్ను మడిచి సంకన పెట్టుకున్నాడు. జర అన్న ఆ చలి ఏపాటిదో అక్కడ దిగాక తెలిసింది. తలుపు తీయగానే నా పోగులన్నీ బిర్రబిగుసుకుపోయాయి.

ఆ శనివారం పొద్దున స్వరూప మమ్మల్ని ఊరి పక్క నదికి తీసుకెళ్లింది. నది మొత్తం గడ్డకట్టింది. దాని మీద కార్లు ఆపారు, పొయ్యిలు వెలిగించి సూపు కాస్తున్నారు, జాతరలో తిరిగినట్టు జనం తిరుగుతున్నారు. బీరయ్య ఒడ్డునే ఆగిపోయాడు.

"నీళ్ల మీద పొయ్యి పెట్టిన్రేంది బిడ్డా! ఈళ్లకు పానాల మీద ఆశ లేదా?"

"గజం మందం గడ్డ ఉంది నాయినా. లారీ పోయినా ఏం గాదు. రా."

అక్కడ ఏటా రెండు రోజులు కుక్కల బండ్ల పందెం జరుగుతుంది. చక్రాల్లేని చెక్కబండికి ఆరేసి కుక్కలను కడతారు. వెనక మనిషి నిలబడతాడు. కుక్కల కాళ్ల వైపు చూద్దును గదా, ఒక్కొక్క పాదానికీ రంగుల మేజోళ్లు! బీరయ్య కాళ్లు పెళ్లినాటి దాకా చెప్పులే ఎరగవట. మందను కాసే కుక్కలను పదహారేళ్లు చూశాను గానీ, మనిషిని లాగే కుక్కలను, వాటి కాళ్ల దగ్గర కూర్చుని మేజోళ్లు తొడిగే మనిషిని చూడటం అదే మొదలు.

స్వరూప కుక్కల ఆరోగ్యం చూసే పనిలో పడింది. బీరయ్య ఒక బండి పక్కన నిలబడ్డాడు. అది హిల్డా అనే డెబ్బై ఏళ్ల ఆవిడది. బండి కదలకుండా తాడుకు కట్టిన ఇనుప కొక్కెం మంచులో దిగేసి ఉంది. ఇంకో తాడుతో బండిని గుంజకు కూడా కట్టాలి. రెండు నిమిషాలే కదా అని కట్టకుండా ఆవిడ చేతి తొడుగుల కోసం కారు దగ్గరికి వెళ్లింది. ఆ రెండు నిమిషాలే మా కొంప ముంచాయి.

ఆరు కుక్కలూ గొంతులు చించుకుని అరుస్తున్నాయి, ఎగిరెగిరి పడుతున్నాయి. అన్నిటికన్నా ముందున్న ముసలి కుక్క బటన్ వెనక్కి తిరిగి బీరయ్య కళ్లలోకి చూసి ఊళ పెట్టింది. బీరయ్య గుండె కరిగిపోయింది.

"ఎట్ల ఏడుస్తున్నయి! కట్టేసి సంపుతున్రు గదనే మిమ్ముల" అన్నాడు. రెండు చేతులూ కావాలని నన్ను తీసి బండిలో పడేశాడు. కొక్కెం పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు.

తర్వాత ఏం జరిగిందో తలుచుకుంటే ఇప్పటికీ నాకు వణుకే. బండి తుపాకీ గుండులా దూసుకుపోయింది. బీరయ్య మంచు మీద వెల్లకిలా పడ్డాడు. బండి మీద తోలే మనిషి లేడు. ఉన్నది నేనొక్కదాన్నే! నది మలుపు దగ్గర బండి బోల్తా కొట్టింది. వెనక ఈడ్చుకొచ్చిన కొక్కెం గడ్డలో దిగబడి ఒక్క కుదుపుతో అన్నిటినీ ఆపేసింది. కుక్కలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. తాడు బటన్ మెడకు చుట్టుకుంది. అది కొట్టుకుంది. కాసేపటికి కొట్టుకోవడం మానేసింది.

మంచు మీద నడిచే మోటారుబండిలో హిల్డా, స్వరూప, బీరయ్య ముగ్గురూ వచ్చిపడ్డారు. హిల్డా కత్తితో తాడు కోసింది. బటన్‌కు ఊపిరి లేదు. స్వరూప దాని ఛాతీ నొక్కుతుంటే, బీరయ్య దాని నోట్లో వేలు పెట్టి చొంగ తీసి, నన్ను లాగి దాని ఒళ్లంతా బరబరా రుద్దడం మొదలుపెట్టాడు. ఊపిరి అందని గొర్రెపిల్లను అలాగే రుద్దేవాడు. నా గరుకుదనానికి నేను మొదటిసారి సంతోషించాను. చాలాసేపటికి బటన్ తుమ్మింది. కళ్లు తెరిచింది.

హిల్డా మంచులో కూలబడి ఏడ్చింది. తాడు కట్టకపోవడం తన తప్పేనని, ఇక తాను కుక్కలను పెంచడానికి పనికిరానని తలబాదుకుంది.

"ఏమంటుంది బిడ్డా?" అన్నాడు బీరయ్య. స్వరూప చెప్పింది.

"కొక్కెం నేను పీకిన. ఆమెకు చెప్పు."

స్వరూప ముఖం పాలిపోయింది. "ఎవ్వలు సూడలే నాయినా. ఊకో. నన్ను ఈ ఊరోళ్లు మళ్ల పనిల ఉంచుతరా?"

"ఎవ్వలు సూడలేదా? గొంగడి సూడలేదా?"

నాకు నోరుంటే ఏం చెప్పేదాన్నో! స్వరూప తల దించుకుని, ఒక్కొక్క మాటే కూడబలుక్కుని ఇంగ్లీషులో చెప్పింది. హిల్డా ఏడుపు ఆపి బీరయ్యను అలాగే చూసింది. ఎందుకు పీకావని ఒక్కటే అడిగింది. ఏడుస్తున్నయని పీకిన అన్నాడు బీరయ్య. ఆవిడ వంగి, బటన్‌ను నాతో సహా ఎత్తుకుని వెళ్లిపోయింది.

ఆ రాత్రంతా నేను ఆవిడ ఇంట్లో బటన్‌ను చుట్టుకుని ఉన్నాను. పక్కన కూర్చున్న హిల్డా ఏం చేయబోతోందో నాకు అంతుపట్టలేదు.

ఆదివారం పందెం వాళ్లు హిల్డాతో, మొదటి రోజు పరుగెత్తలేదు కాబట్టి లెక్కలోకి రాదు గానీ పరుగెత్తాలంటే పరుగెత్తు అన్నారు. ఐదు కుక్కలను కట్టింది. బటన్‌ను నాలో చుట్టి బండిలో కూర్చోబెట్టింది. ఈసారి గుంజకు తాడూ కట్టింది. స్వరూపా బీరయ్యా దూరంగా, జనం వెనక నక్కినట్టు నిలబడ్డారు. అప్పుడు బటన్ ఊళ పెట్టింది. దానికి కట్టు లేదు, లాగే పని లేదు, నాలో వెచ్చగా ఉంది. అయినా ముందుకు చూస్తూ, ఒళ్లంతా వణికిపోతూ అరిచింది.

బీరయ్య నోరు తెరిచాడు. "ఓరి నీ! ఇది ఏడుపు గాదే బిడ్డా! పోదాం పోదాం అంటుందే!"

హిల్డా గుంజకున్న తాడు విప్పి, బండెక్కి, జనంలోకి చూసి ఆయన్నే వేలు పెట్టి పిలిచింది. బీరయ్య బిక్కచచ్చిపోయి దగ్గరికి వచ్చాడు. ఆవిడ మంచులోని కొక్కెం చూపించి, పీకమన్నట్టు చేత్తో సైగ చేసింది. నేను నివ్వెరపోయాను. బీరయ్య వంగి కొక్కెం పట్టుకున్నాడు. ఆవిడ తలూపేదాకా ఆగాడు. పీకాడు. కొక్కేన్ని పదిలంగా ఆవిడ చేతికి అందించాడు.

మేము అందరికన్నా ఆఖరున వచ్చాం. సాయంత్రం స్వరూప నన్ను తీసుకోబోతే, బటన్ నా మీద బోర్లా పడుకుని గుర్రుమంది.

"ఉండనియ్యి" అన్నాడు బీరయ్య.

ఇప్పుడు నా నిండా కుక్క వెంట్రుకలే. ఆ రోజు బీరయ్య, కూతురు కొనిచ్చిన ఉబ్బుకోటు తొడుక్కుని, వెనక్కి చూడకుండా కారు దగ్గరికి నడిచాడు. కారెక్కేలోపు మూడుసార్లు ఉత్త భుజం తడుముకున్నాడు.